అతిశయోక్తి అబద్ధమా?

బడి నుంచి వచ్చిన పిల్లాడు "ఆకలితో పేగులు అరుస్తున్నాయే అమ్మా" అంటే ఏ తల్లీ వాడి పొట్టకి చెవి ఆనించి వినదు. "మీకు లక్షసార్లు చెప్పాను" అని మనం అంటే ఏ మొగుడూ లెక్క చెప్పమనడు. (అడిగే మహానుభావులు వుంటే వాళ్ళ సంగతి వేరే.) కొండంత అండ, చిటికెలో పని, కళ్ళలో నిప్పులు... పొద్దున లేచింది మొదలు ఎన్ని అంటామో! ఇందులో ఒక్కటీ నిజం కాదు. అబద్ధమూ కాదు. అలంకారశాస్త్రం మొహం చూడకపోయినా, అతిశయోక్తిని పోపుగింజల్లా రోజూ వాడుకుంటూనే వుంటాం.

మరి అదే అతిశయోక్తి నలభై అడుగుల బొమ్మయి రోడ్డు పక్కన నిలబడితే?

హైటెక్ సిటీ వైపు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదేమిటో తెలుస్తుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఆ చుట్టుపక్కల కనిపించినవి ఎక్కువగా రాళ్ళూ తుప్పలూ. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా, ఆ ఏడాదే రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిసింది. ఇప్పుడు ఆ దారిలో తలెత్తితే చాలు, ఇంకా కట్టని ఇళ్ళ బొమ్మలు కనిపిస్తాయి. ఒక్కసారి ఆగి బొమ్మని తీరిగ్గా చూడండి. భవనాన్ని కింద నుంచి పైకి చూస్తున్నట్టు వేస్తారు. గుడి గోపురం ముందు నిలబడితే మెడ వెనక్కి వాలి, మనం చిన్నవాళ్ళం అయిపోయినట్టు వుంటుందే, అదే యుక్తి. వేళ ఎప్పుడూ సాయంసంధ్యే, మిట్టమధ్యాహ్నం ఎండ పడదు. వైడ్ యాంగిల్ కటకంతో చూపిస్తే పదడుగుల గది కూడా పెళ్ళిపందిరిలా సాగుతుంది. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది బొమ్మలో లేనిది. పక్క భవనం వుండదు, నీళ్ళ ట్యాంకరు వుండదు. అన్ని బాల్కనీలున్నా ఒక్క బట్టలారేసిన తీగ వుండదు! అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇది చిత్రకారుని ఊహ మాత్రమే' అని రాసుంటుంది. ఆ ఒక్క వాక్యం మాత్రం అక్షరాలా నిజం.

కవులు చేసిందీ ఇదేగా అంటారేమో. నిజమే, కానీ మనవాళ్ళు కవులకి కూడా పగ్గం వేశారు. సుమారు 1300 ఏళ్ళ కిందట దండి తన కావ్యాదర్శంలో, లోకం ఒప్పుకునే హద్దులో వుండే వర్ణనకి 'కాంతి' అని పేరు పెట్టి, హద్దు దాటినదాన్ని 'అత్యుక్తి' అని విడిగా కూర్చోబెట్టాడు. అత్యుక్తి గౌడులకి ఇష్టం లెండి అని ఓ చురక కూడా వేశాడు. అంటే ఎంత పొగడొచ్చన్న తగవు రియల్ ఎస్టేటు వాళ్ళతో మొదలైంది కాదు.

బొమ్మల్లోనూ అంతే. చేర్యాల పటం చూసే వుంటారు. ఎర్రటి నేల మీద కథ వరసలు వరసలుగా సాగుతుంది. ఇలాంటి కథాచిత్రాల్లో దేవుణ్ణో నాయకుణ్ణో పెద్దగా వేసి, పక్కవాళ్ళని చిన్నగా వెయ్యడం పాత సంప్రదాయం. అది చూసి ఆ దేవుడు పన్నెండడుగులు వుండేవాడు కాబోలని ఎవరూ కొలత వేసుకోరు. 'నేను పెంచి చూపిస్తున్నాను సుమా' అని బొమ్మే ముందుగా చెప్పేస్తుంది. కటకం అలా చెప్పదు. అది ఫోటో మొహం పెట్టుకుని, 'ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నా' అంటూనే సాగదీస్తుంది. నా మట్టుకు గీత అక్కడ వుంది. బయటపడి చేసే అతిశయోక్తి అలంకారం, దాక్కుని చేసేది మోసం.

వింతేమిటంటే చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. 1985లో ప్రకటనల రంగంవాళ్ళు తమకి తామే పెట్టుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాల్లో, నవ్వించడానికి చేసిందని చూడగానే తెలిసిపోయే అతిశయోక్తికి అభ్యంతరం లేదు. జనం నిజమనుకునేట్టుంటేనే తప్పు. లండన్‌లో 1891లో ఒక కంపెనీ తమ పొగబంతిని చెప్పినట్టు వాడాక కూడా ఫ్లూ జ్వరం వస్తే 100 పౌండ్లిస్తామని పత్రికల్లో ప్రకటించింది. కార్లిల్ అనే ఇల్లాలు శ్రద్ధగా వాడింది, ఆవిడకి జ్వరమూ వచ్చింది. 'అది ఉత్త గొప్పలేనండీ, ఎవరైనా నమ్ముతారా' అని కంపెనీ వాదన. మా చిత్తశుద్ధికి గుర్తుగా బ్యాంకులో 1000 పౌండ్లు వేశామని మీరేగా రాశారు, అలాంటప్పుడు గొప్పలెలా అవుతాయని 1892లో న్యాయమూర్తులు ఆవిడకే తీర్పిచ్చారు. మన దేశంలో 2016 నాటి రెరా చట్టం ఇంకా సూటిగా వుంది. ప్రకటనో, బ్రోచరో, నమూనా ఫ్లాటో చూసి సొమ్ము కట్టి, అందులోది తప్పని తేలి నష్టపోతే పరిహారం అడగొచ్చు. వద్దనుకుంటే కట్టిందంతా వడ్డీతో సహా వెనక్కి రావాలి.

అంకెకి, కొలతకి చట్టం వుంది, సంతోషం. మాటకి పైకి కనిపించే అర్థం కాక, లోపల మరో అర్థం వుంటుందే, దాన్ని పట్టుకునేదెవరు?

శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో ఒక ప్రాకృత గాథ వుంది. గోదావరి ఒడ్డున తిరిగే ఓ ధార్మికుడితో ఒకావిడ, ఇక మీరు నిర్భయంగా తిరగండి, మిమ్మల్ని విసిగించే కుక్కని పొదల్లో వుండే సింహం చంపేసింది అంటుంది. మాట 'తిరగండి' అనే. కుక్కకే జడిసినవాడు సింహం పేరు విన్నాక ఆ ఛాయలకి వస్తాడా! ఆవిడకి ఆ పొదలచాటు తన ప్రియుణ్ణి కలుసుకోవడానికి కావాలి. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని అంటే ఏమిటో చెప్పడానికి ఏరి పట్టుకున్నది ఈ గోదావరి ఒడ్డు గడుసుదాన్నే. మాట అంటే దొరుకుతుంది, ధ్వని ఎలా దొరుకుతుంది? 'రావద్దని నేనెప్పుడన్నాను' అంటుంది ఆవిడ.

హోర్డింగు మీది అమ్మాయి కూడా అంతే. బాల్కనీలో కాఫీకప్పు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెరువు గాలి పీలుస్తూంటుంది. ఒక్క మాట మాట్లాడదు. 'ఈ ఇల్లు కొంటే నీకూ ఇంత తీరిక దొరుకుతుంది' అన్నది మన మనసులో పుట్టే మాట. ఇల్లు చెప్పిన చదరపు అడుగులకి తక్కువ కాకుండానే వుండొచ్చు. రెరా పుస్తకం తిరగేసినా తప్పు దొరకదు. కానీ 20 ఏళ్ళ వాయిదాలు కట్టడానికి భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పరుగెడితే ఆ కాఫీ తాగేదెవరు? నన్నడిగితే పదడుగుల గదిని పన్నెండని చెప్పడం కన్నా ఇదే పెద్ద అబద్ధం.

'ఇలా పీచులు తీసి చూస్తే అందం మిగులుతుందా? కవిత్వాన్ని కూడా ఇలాగే చంపుతారు' అని మా చెల్లెలు దెప్పుతూంటుంది. ఆ గోదావరి గాథనే చూడమన్నాను. సింహం ఎందుకొచ్చిందో తెలియకముందు అది ఉత్త కబురు. తెలిశాక నవ్వొస్తుంది. రెండోసారి చదివితే ఆవిడ తెలివికి ముచ్చటేస్తుంది. యుక్తి తెలిసిన కొద్దీ పద్యం పెరుగుతుంది. కటకం సంగతి తెలిశాక బ్రోచర్లో గది మాత్రం చిక్కిపోతుంది. అన్ని ప్రకటనలూ ఇంతే అనను. గుట్టు తెలిశాక కూడా బాగుండేవి అప్పుడప్పుడు తగులుతాయి.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యాలన్న సామెత వుంది గనక పెళ్ళిచూపుల ఫోటోల జోలికి వెళ్ళను. ఒకప్పుడు స్టూడియోలో తెర ముందు నిలబెట్టేవారు, ఇప్పుడు ఫోనే రంగు తేలుస్తోంది. ఆ తంతు రెండువైపులవాళ్ళకీ తెలుసు కాబట్టి అది అలంకారమే అంటుంది మా చెల్లెలు. తెలిసినా అమ్మాయిని చామనఛాయ అని చెప్పుకోనివ్వని తంతు నాకు అలంకారంగా తోచదు. ఈ తగవు మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.

ఇంటి సంగతికొస్తే, ఆ అమ్మకాల ఆఫీసుకి ఎప్పుడైనా వెళ్తే ఈతకొలను గురించి తర్వాత అడగండి. బొమ్మలో ఆ అమ్మాయి నిలబడ్డ బాల్కనీ వెడల్పెంత, అందులో దుప్పట్లు ఎక్కడ ఆరేసుకోవాలి, పక్క ఖాళీ జాగా ఎవరిది అని అడగండి. జవాబు నోటితో చెప్తే సరేనని, కాయితం మీద రాసివ్వమనండి.