కడుపుకోతకు గర్వం మందా?



2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సేనతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది మరణించారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆయన భౌతికకాయం మన సికింద్రాబాదుకు చేరువలోని హకీంపేట వైమానిక స్థావరానికి వచ్చింది. కుమారుడు దేశం కోసం ప్రాణమిచ్చినందుకు గర్వంగా ఉన్నదనీ, తల్లిగా మాత్రం దుఃఖంగా ఉన్నదనీ, అతడు తనకు ఒక్కడే కొడుకనీ ఆయన తల్లి చెప్పారు.

గర్వం నిజమైతే కన్నీరెందుకని ఎవరైనా అడగవచ్చు.

కుమారుని పోగొట్టుకొని మూడేండ్లయినా శోకం వీడని మార్సియా అనే తల్లికి రోమను తత్త్వవేత్త సెనెకా ఓదార్పు లేఖ వ్రాశాడు. మనవారు మనకు అరువుగా దొరికినవారే, అడిగినపుడు తిరిగి ఇవ్వవలసినదే అని అతని వాదన. అందులో కొంత సత్యమున్నది. కాని పోయిన సొమ్ముకు మరో సొమ్ము బదులవుతుంది. మనిషికి మనిషి బదులు కాడు. 2021లో మహావీర్ చక్ర పతకాన్ని రాష్ట్రపతి చేతి నుండి ఆ తల్లి, కోడలు అందుకున్నారు. పతకం అతడు చేసినదానికి గౌరవం. అతడు లేని లోటు అలాగే ఉన్నది. గర్వం కొడుకు చేసిన పనిని గూర్చినది, దుఃఖం కొడుకును గూర్చినది. ఒకటి మరొకదానిని చెరపనవసరం లేదు.

ఏడ్వడం విశ్వాసలోపమని కొందరంటారు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ప్రభువు కన్నీరు కార్చారు. మరియమాత సిలువ చెంత నిలిచింది. తిరుసభ ఆమెను వ్యాకులమాతగా సెప్టెంబరు 15న స్మరిస్తుంది. లోపల అణచుకున్న బాధ మరింత బాధిస్తుందనీ, కన్నీరు దానిని తగ్గిస్తుందనీ, స్నేహితుడు తోడు దుఃఖిస్తే బరువు పంచుకున్నట్లుంటుందనీ పునీత తోమాసు అక్వినాసు బోధించాడు.

మరొక మాట. గల్వాన్‌లో తమవారు నలుగురు మరణించారని చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. వారికీ తల్లులున్నారు. కడుపుకోతకు సరిహద్దు లేదు. యుద్ధాన్ని తేలికగా మాట్లాడేముందు ఇది తలచుకోవాలి.

మనది కంటోన్మెంటు ఉన్న ఊరు. బిడ్డలను సైన్యానికి పంపిన కుటుంబాలు మన విచారణల్లోనూ ఉన్నాయి. అట్టి తల్లి మీ వీధిలో ఉంటే, "ఏడవకమ్మా, వీరమాతవు" అని ఆమె నోరు మూయించకండి. జనం వెళ్ళిపోయాక, నెల మాసికమూ దాటాక, ఒకసారి వెళ్ళి కూర్చోండి. అతని పేరు పెట్టి పిలిచి, చిన్నప్పుడు ఎట్లుండేవాడో అడగండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి.