అడుగుట దోషమా?

కుంటుచు నడచువానిని చూచి "అమ్మా, అతడెందుకట్లు నడచుచున్నాడు?" అని బిడ్డ బిగ్గరగా అడిగినచో, తల్లి మొదట చేయు పని ఆ నోరు మూయుట. వీర్నపల్లి వీధిలోనైనను, మహానగరమునందైనను ఇదే రీతి. ఎదుటివాని మనసు నొవ్వరాదని తల్లి తలంపు. బిడ్డ నేర్చుకొనునది మాత్రము వేరు: ఆ మనిషిని గూర్చి మాటాడరాదని, దూరముగ తొలగవలెనని. ఈ మౌనము మర్యాదయేనా?

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ ఈ విషయమునే పిల్లల పుస్తకముగ వ్రాసిరి. ప్యూర్టోరికో నుండి వచ్చిన పేద కుటుంబమున 1954లో న్యూయార్కులో జన్మించిన ఆమె, 2009లో ఆ పీఠమెక్కిన తొలి లాటిన్ అమెరికా సంతతి మహిళ. (మన హైకోర్టున తొలి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి 1978లోనే ప్రవేశించిరి.) ఏడవయేట ఆమెకు మధుమేహము సోకెను. సూది ఎవరు వేయవలెనని తల్లిదండ్రులు వాదులాడుకొనుట విని, ఆ పసిది కుర్చీ ఎక్కి, పొయ్యిమీద నీరు మరిగించి, సూదిని శుద్ధిచేసి తానే పొడుచుకొన నేర్చెను. తొమ్మిదవయేట తండ్రి గతించెను.

పెద్దయిన పిదప ఒకనాడు భోజనశాల స్నానపుగదిలో ఇన్సులిన్ వేసికొనుచుండగా, చూచిన ఒక స్త్రీ ఆమెను మత్తుమందుకు బానిస యని తోడివారితో చెప్పెను. అది విన్న సోనియా, అది మందేయనియు, తెలియనిచో అడుగవలెనే గాని ఊహింపరాదనియు బదులిచ్చిరి. ఇరుపక్షముల వినక తీర్పు చెప్పరాదన్నది న్యాయస్థానపు తొలి నియమము గదా! ఆ స్త్రీ ఒక్క చూపుతో విచారణ ముగించి శిక్షయు విధించినది.

2019లో వెలువడిన "జస్ట్ ఆస్క్" అను పుస్తకమునకు మూలమిదియే. అందు పలువిధముల లోపములు గల పిల్లలు కలిసి తోట వేయుదురు.

ఇచట ఒక ఆక్షేపణ తోచును. అడిగిన ప్రతివానికి తన దేహవృత్తాంతము విప్పి చెప్పుట బాధితుని విధియా? కాదు. దినమునకు పదిమార్లు అదే ప్రశ్న వినువానికి విసుగు కలుగుట సహజము. చెప్పననుటకు అతనికి హక్కు కలదు. కుతూహలమొకటి, ఆదరమొకటి. రెండింటి స్వరము పిల్లలకును తెలియును. ఆ పుస్తకమున బాలిక సోనియా తన సూదుల సంగతి చెప్పి ఊరకుండదు. చదువు బిడ్డనే తిరిగి అడుగును, తానెన్నడైన మందు పుచ్చుకొనవలసి వచ్చినదా యని.