కీర్తి ఎవరిది?

రోము నగరమున కాపిటోలైన్ కొండమీది ప్రాంగణం నడుమ, గుఱ్ఱమునెక్కి కుడిచేయి చాచిన కంచు చక్రవర్తి కనిపిస్తాడు. ఆయన మార్కస్ అరీలియస్, క్రీ.శ. 161 నుండి 180 వరకు రాజ్యమేలిన తత్త్వజ్ఞుడు. మరణానంతర కీర్తిని ఆశించుట వ్యర్థమని తనకు తానే బోధించుకొనుచు గ్రంథం వ్రాసినవాడు. అట్టివాని విగ్రహమే నిలుచుట వింత; నిలిచిన విధం మరింత వింత. ఆనాటి కంచు ప్రతిమలనేకం లోహానికై కరగిపోయినవి. దీనిని మాత్రం మధ్యయుగ జనులు క్రైస్తవ మతాన్ని ఆదరించిన కాన్‌స్టాంటైన్ చక్రవర్తి అని భ్రమించి కాపాడినారు. మార్కస్ ఏలుబడిలోనే, 177లో, లియోన్ పట్టణమున క్రైస్తవులు వధింపబడినారు! మరి ఇన్ని శతాబ్దుల మన్నన ఎవరికి చెందినట్లు? పేరు ఒకరిది, రూపం మరొకరిది. అది ఇరువురిలో ఎవరికీ ముట్టలేదనుటయే న్యాయము. 1538లో కొండపైకి చేరిన విగ్రహాన్ని 1981లో మరమ్మతుకై తొలగించి, పిదప ప్రక్కనున్న ప్రదర్శనశాలలో ఉంచినారు. 1997 నుండి ప్రాంగణమున నిలిచినది దాని నకలు.