బడిదారిలో యెరికో

మూలవాక్యము: లూకా 2:41-52



మా పేటనుండి బడికి పోవు దారి ఒక కిలోమీటరుకు కొంచెము తక్కువ. కాలువగట్టు కొంత, చింతతోపు కొంత, పిమ్మట రోడ్డు దాటిన ఊరు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ననుసరించి చేసిన నియమములలో, 5వ తరగతి వరకు చదువు పిల్లలకు 1 కిలోమీటరు లోపలను, 6 మొదలు 8 వరకు చదువువారికి 3 కిలోమీటర్ల లోపలను బడి యుండవలెనని యున్నది. దూరమును కొలిచిరి, మంచిదే. ఆ దూరములో పిల్లవానికి ఏమి జరుగునో కొలుచు కొలబద్ద యెవరియొద్ద నున్నది?

కడచిన వానకాలములో ఒక దినమున మా యెనిమిదేండ్ల కుమారుడు ఆలస్యముగా వచ్చెనని బడినుండి కబురు వచ్చెను. సాయంకాలము వానిని నిలువబెట్టి అడిగితిమి. వాడు తల వంచుకొని, "యెరికో కూలలేదు నాన్నా. ఏడుసార్లూ తిరిగాం" అనెను. అబద్ధమాడుచున్నాడని తలంచి బెత్తము తీసితిమి. మరునాటినుండి ఆటోలో పంపితిమి. కాలువ యున్నది, లారీలున్నవి, పాములున్నవి అని ఇంటిలో చెప్పితిమి. అవన్నియు నిజమే. అయినను వాడు మా కంటిని దాటిపోవుటను ఓర్వలేకపోతిమి; అసలు కారణమదియే.

నెల గడచెను. వాడు ఒక్క దినమైనను ఆలస్యము చేయలేదు. ఒక్క కథయైనను ఇంటికి తేలేదు.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, గట్టుమీద గేదెలు మేపు అవ్వ మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, బాబు ఈ దారిన రావడం మానేశాడేమండీ? పిల్లలంతా కొబ్బరాకు బూరలు ఊదుకుంటూ మా గడ్డివామి చుట్టూ తిరిగేవాళ్లు. ఏడోసారి కూలిపొమ్మని కేకలేసేవాళ్లు. నవ్వలేక చచ్చేదాన్ని" అనెను.

యెహోషువ 6వ అధ్యాయమును సండేస్కూలులో వారికి చెప్పినది మేమే! మేము నోటితో చెప్పినదానిని వారు కాళ్లతో నడిచిరి. దానికి మేము బెత్తము చూపితిమి.

ఆ సాయంకాలము లూకా సువార్త తెరచితిమి. యేసు పండ్రెండేండ్ల బాలుడు. పస్కాపండుగ ముగించుకొని వచ్చుచు మరియ యోసేపులు ఒక దినప్రయాణము సాగిపోయిరి. యెరూషలేమునుండి నజరేతు నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. వారు అజాగ్రత్తగలవారా? బంధువులును ఎరిగినవారును గల ఆ గుంపులో ఎక్కడనో నుండునని నమ్మిరి. అట్టి నమ్మకము నడుమ ఆ బాలుడు పెరిగెను. కనబడనప్పుడు ఎంతో వేదనతో వెదకిరి. ఆ వేదనను లేఖనము దాచలేదు. మూడు దినములకు దేవాలయములో బోధకుల నడుమ వినుచు, ప్రశ్నలడుగుచు కనబడెను. ఆయన చెప్పినది వారికి బోధపడలేదు. అయినను తల్లి దానినంతయు హృదయములో దాచుకొనెను. తండ్రి పనిమీద నిలిచిన ఆ బాలుడే ఇంటికి వచ్చి వారికి లోబడెను. స్వేచ్ఛయు విధేయతయు ఒకే అధ్యాయములో నున్నవి.

మరియకు బోధపడనిది ఆమె దాచుకొనెను. మాకు బోధపడనిదానిని మేము కొట్టబోతిమి.

ఆ రాత్రి కుమారుని ప్రక్కను మోకరించి, మమ్మును క్షమింపుమని వానిని అడిగితిమి. వాడు వెంటనే, "అయితే రేపు నడిచి వెళ్లనా?" అనెను. మరునాడు వానితో నడిచితిమి. తూమువద్ద గట్టు జారునని చూపితిమి. రోడ్డు దాటునప్పుడు పెద్దపిల్లల చేయి విడువవద్దని చెప్పితిమి. అవ్వకు అప్పగించితిమి. చింతతోపువద్ద మేము నిలిచిపోతిమి. వాడు వెనుకకు చూడక పరుగెత్తెను. నిలిచియుండుట మాకు కష్టముగా నుండెను.

తలిదండ్రులారా, దారిలోని అపాయమును పిల్లలకు ముందుగా చూపుడి. దారిపొడుగున నున్నవారిని ఎరిగియుండుడి. సాయంకాలము ఆలస్యమునకు లెక్క అడుగకమునుపు కథ వినుడి. మనము విత్తినది ఆ కథలో మొలచియుండవచ్చును.

తండ్రీ, మా కన్ను చేరని దారిలో నీ కన్ను మా బిడ్డలమీద నున్నదని నమ్ముటకు మాకు సహాయము చేయుము. ఆమేన్.