శుశ్రూషకు కొలమానం ఏది?

పక్షవాతం వచ్చిన తల్లినో, తుంటి ఎముక విరిగిన తండ్రినో ఆసుపత్రి నుంచి పంపివేసేటప్పుడు ఒక సమస్య ఎదురవుతుంది. వైద్యం ముగిసింది గాని మనిషి కోలుకోలేదు. ఈ మధ్యకాలం ఎక్కడ గడవాలి? మన ఊళ్ళలో దీనికి ఇప్పటికీ చాలావరకు ఇల్లే సమాధానం; ఇల్లంటే కోడలో, కూతురో. అమెరికాలో ఇందుకు ప్రత్యేకంగా నర్సింగ్ హోములున్నాయి. ఆ మాటకు మనం చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం చెప్పుకుంటాం. అక్కడ అది నర్సుల పర్యవేక్షణ, నడక మళ్ళీ నేర్పే చికిత్స, మంచం పట్టినవారికి దీర్ఘకాల సంరక్షణ దొరికే చోటు. మన నగరాలలోనూ ఇటువంటి కేంద్రాలు వెలుస్తున్నాయి గనుక అక్కడి అనుభవాన్ని మనం పరీక్షించవలసి ఉన్నది.

సాధారణంగా దీన్ని కృతజ్ఞతకు సంబంధించిన సమస్యగా చర్చిస్తారు. కన్నవారిని పరాయి చేతుల్లో పెట్టవచ్చునా అని అడుగుతారు. ఇలా అడిగేవారు ఇంట్లో జరిగే సేవ కూడా శ్రమేనన్న సంగతి మరిచిపోతారు. ఆ శ్రమను ఆడవాళ్ళ చేత జీతం లేకుండా చేయించుకుని, దానికి ధర్మమని పేరు పెట్టుకున్నాం. కదలలేని రోగిని వేళకు పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. అందుకు ప్రేమ ఒక్కటే చాలదు. పని తెలిసిన చేతులు కావాలి, అర్ధరాత్రి కూడా కావాలి. అందుచేత పంపడం పాపమా అన్న చర్చ మనల్ని ఎంతో దూరం తీసుకుపోదు. పంపదలచిన చోటును దేనితో తూచాలి? సరిగా తూచినంత మాత్రాన మన బాధ్యత తీరుతుందా? తేల్చుకోవలసినవి ఇవి.

అమెరికా ప్రభుత్వం 2008 నుంచి ఈ సంస్థలకు ఒకటి మొదలు అయిదు వరకు నక్షత్రాలు వేస్తున్నది. తనిఖీల ఫలితాలు, సిబ్బంది లెక్క, రోగుల స్థితిగతులు దానికి ఆధారం. చివరిదానిలో చాలా భాగం సంస్థలు తమను గురించి తాము రాసి పంపుకున్నదే. సిబ్బంది లెక్క కూడా మొదట అలాగే ఉండేది. 2016 నుంచి జీతాల పద్దుల ఆధారంగా పంపవలసి వచ్చింది. రోగి శరీరానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఈ లెక్కే. ముందు హాలులోని పూలకుండీలు చూసి తృప్తిపడరాదు. గంట కొడితే ఎంతసేపటికి మనిషి వస్తున్నది? రాత్రివేళ ఎందరు రోగులకు ఒక సహాయకురాలు? ఆదివారంనాడు ఎందరు తగ్గుతారు? ఏడాదిలో ఎందరు పని మానుకుని పోతున్నారు? భోజనం వేళకు వెళ్ళి చూడాలి: పళ్ళెం ముందుపెట్టి పోతున్నారా, తినిపించి పోతున్నారా? శుశ్రూష అంటే ఒక మనిషి మరొక మనిషికి ఇచ్చే నిమిషాలు.

ఆ నిమిషాలు ఎందుకు తరుగుతున్నాయి? అక్కడి నర్సింగ్ హోముల్లో పదింట ఏడు లాభం కోసం నడిచేవి. ఖర్చులో పెద్ద వంతు జీతాలది. కాబట్టి లాభం పెరగడానికి దగ్గరిదారి నిమిషాలను కోయడమే. ప్రతి రోగీ సాధ్యమైనంత మెరుగైన స్థితికి చేరాలని 1987 చట్టం అన్నది గాని, అందుకు రోజుకు ఎన్ని గంటల సేవ కావాలో చెప్పలేదు. 2024లో ప్రభుత్వం ఒక్కొక్క రోగికి రోజుకు సగటున 3.48 గంటల సేవ ఉండితీరాలని నియమం చేసింది. యజమానుల సంఘం కోర్టుకెక్కింది. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని కొట్టివేసింది. మనుషులు దొరకడం లేదని యజమానుల వాదన. అందులో నిజం లేకపోలేదు: నడుము విరిగే పనికి కొద్దిపాటి కూలి ఇస్తే ఎవరు నిలుస్తారు? 2020లో వాషింగ్టన్ రాష్ట్రంలో కోవిడ్ ఒక సంస్థ నుంచి మరొకదానికి పాకడానికి, సిబ్బంది ఒకటికి మించిన చోట్ల పనిచేయడం ఒక కారణంగా తేలింది. సహాయకురాలి కూలికీ రోగి ప్రాణానికీ ఉన్న సంబంధం ఇంత దగ్గరిది.

ఇక ఎన్నుకునే స్వేచ్ఛ సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన వృద్ధులకు మెడికేర్ మొదటి 20 రోజుల ఖర్చు పూర్తిగా భరిస్తుంది. ఆ తరువాత 100వ రోజు దాకా రోగి వంతు ఉంటుంది. ఆపైన ఏమీ లేదు. సొంత సొమ్ము కరిగి పేదవాడయ్యాకనే మెడికెయిడ్ ఆదుకుంటుంది. స్వేచ్ఛ అనేది ఇక్కడ చేతిలోని డబ్బును బట్టి కొలవబడుతున్నది.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉన్నది. తనిఖీల నక్షత్రాలను ఒక రాష్ట్రంలోని సంస్థలను ఒకదానితో ఒకటి పోల్చి వేస్తారు. పైనున్న పదోవంతుకు అయిదు, అడుగునున్న అయిదోవంతుకు ఒకటి. ఎవరో ఒకరు అడుగున ఉండితీరాలి. మన తల్లికి అయిదు నక్షత్రాల చోట మంచం దొరికినంత మాత్రాన, మనం వద్దనుకున్న మంచం ఖాళీగా ఉండదు. ఎవరి తల్లో దానిపై పడుకుంటుంది.

అందువల్ల మంచి చోటు వెతకడం తప్పని ఎవరూ అనరు, వెతకకపోవడమే తప్పు. కాని వెతుకులాట న్యాయానికి బదులు కాజాలదు. మనదేశంలో 2007 చట్టం తల్లిదండ్రుల పోషణను పిల్లల బాధ్యత చేసింది. మంచం పక్కన మేలుకునే సహాయకురాలి కూలిని గురించి, విశ్రాంతిని గురించి ఏమీ చెప్పలేదు. మన నగరాల్లో ఏజెన్సీ పంపిన మనిషి పన్నెండేసి గంటలు పనిచేయడం మామూలైపోయింది. ఆమెకు ఎంత ముడుతున్నదో చాలా ఇళ్ళలో అడగనైనా అడగరు. ఇప్పుడిప్పుడే వెలుస్తున్న మన కేంద్రాలకు, ఒక్కొక్క రోగికి ఇన్ని గంటల సేవ, సేవచేసేవారికి ఇంత కూలి అన్న నియమం మొదటినుంచే ఉండాలని కోరే అవకాశం మనకింకా ఉన్నది. మనవారి కోసం అడిగిన ప్రశ్నను పక్క మంచంలోని వారి కోసం కూడా అడిగినప్పుడే అది నీతి అవుతుంది. అంతవరకు అది బేరం.