మామగారి రెండు పెట్టెలు

గోదావరి కాలువ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక రైతుకి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుడు విశాఖపట్నంలో ఉద్యోగి. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళ క్రితం గుండెకి స్టెంటు పడింది. అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటాడు. చిన్నల్లుడు భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేసుకునేవాడు. పెళ్ళయ్యాక వాళ్ళకిదే మొదటి సంక్రాంతి.

పండక్కి అల్లుళ్ళకి బట్టలు పెట్టడం మామూలే. ఆ ఏడు మామగారికి బట్టలతోపాటు ఇంకేదన్నా ఇవ్వాలనిపించింది. రాజమండ్రి వెళ్ళి పెద్ద దుకాణంలో రెండు పెట్టెలు కొన్నారు. ఒకటి ఏడువేల రూపాయల ఎలక్ట్రిక్ షేవరు. రెండోది స్టీలు రేజరు, బ్రష్షు, సబ్బు గిన్నె, రెండు పాకెట్ల బ్లేడ్లున్న సెట్టు. దాని ఖరీదు తొమ్మిదివందలు. కొత్తల్లుడు కదా అని ఖరీదైనది చిన్నవాడికి ఇచ్చారు. రెండోది పెద్దవాడి చేతిలో పెట్టారు.

రాత్రి వంటింట్లో అరిసెలు ఒత్తుతూ పెద్దకూతురు తల్లితో అంది. "పద్నాలుగేళ్ళు గడిస్తే అల్లుడి విలువ ఇంత తగ్గిపోతుందా అమ్మా?"

"మీ నాన్నకి ఆయనంటే ప్రేమ లేక కాదే. కొత్తవాడు చిన్నబుచ్చుకుంటాడని భయం."

"చిన్నబుచ్చుకోవడం పాతవాళ్ళకి రాదా మరి?"

తల్లి దగ్గర దానికి జవాబు లేదు. కూతురి బాధలో అబద్ధం లేదు. పెద్దల్లుడు మాత్రం పైకేమీ అనలేదు. చిన్నల్లుడు తన పెట్టె మీది ధర చీటీ చూసి, అది అలాగే ఉంచి మూత పెట్టాడు. ఇంటికి వెళ్ళాక అమ్మకి చూపించాలని.

తెల్లవారితే భోగి. చీకటుండగానే వీధిలో మంట వేశారు. అందరికంటే ముందు తయారవాలని పెద్దల్లుడు పంపు దగ్గర చన్నీళ్ళు ముఖాన కొట్టుకుని, సబ్బు ఓ చుట్టు రాసి, కొత్త బ్లేడు బిగించిన రేజరుతో గీయడం మొదలుపెట్టాడు. విశాఖలో ప్లాస్టిక్ రేజరు నొక్కి గీసే అలవాటు. ఇక్కడా అలాగే నొక్కాడు. దవడ కింద చర్మం తెగింది. చిన్న గాటే. కానీ రక్తం ఆగలేదు. తువ్వాలు ఎర్రబడింది. భార్య ఏడుపు అందుకుంది.

అదే సమయానికి చిన్నల్లుడు తలంటు పోసుకుని వచ్చి, తడి ముఖం మీద షేవరు పెట్టాడు. ఐదు రోజుల గడ్డం. చెరువు గట్టు మీద ఉండేవాడు రోజూ గీసుకోడు. పొడుగు వెంట్రుకలు షేవరు రేకులో దూరక చిక్కుకున్నాయి, లాగేశాయి. కోపమొచ్చి ఇంకా గట్టిగా అదిమాడు. మెడంతా ఎర్రటి పొక్కులు, మంట. "ఏడువేల వస్తువు ఇదా!" అని దాన్ని మంచం మీద పడేశాడు.

మేర గింజలకని ఉదయమే వచ్చిన క్షురకుడు వాకిట్లో నిలబడి ఇదంతా చూశాడు. ఊరంతా ఆయన్ని తాత అంటారు. తండ్రి నుంచి వచ్చిన పొది, సెంటర్లో కొడుకు పెట్టిన సెలూన్, రెండూ ఆయనవే. చేతులు సబ్బుతో కడుక్కుని, ఉతికిన గుడ్డ మడత తెప్పించి, పెద్దల్లుడి దవడ కింద పెట్టి గట్టిగా అదిమి పట్టాడు.

"ఆగిందేమో చూడు తాతా," అన్నారు మామగారు.

"మాటిమాటికీ తీసి చూస్తే ఆగదు బాబూ. పది నిమిషాలు చెయ్యి తీయకూడదు." అలా పట్టుకునే అడిగాడు. "అల్లుడుగారూ, రక్తం పల్చనయ్యే మాత్రలేమన్నా వేసుకుంటారా?"

పెద్దల్లుడు తలూపాడు.

"సెలూన్లో పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చోగానే నేను మొదట అడిగేది అదే. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళు బ్లేడుతో జాగ్రత్తగా ఉండాలని మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. రక్తం ఆగాక తాత ఆయన చెంప మీద వేళ్ళు ఆనించి చూశాడు. తర్వాత చిన్నల్లుడి మెడ మీద చెయ్యి వేసి, వెంట్రుక ఏ వైపు పడుకుందో, ఎక్కడ సుడి తిరిగిందో తడిమాడు. రోజూ గీస్తారా, ఎన్నాళ్ళకి గీస్తారు, ఉదయం ఎంత తీరిక ఉంటుంది, ఇంట్లో కరెంటు ఎలా ఉంటుంది అని ఇద్దర్నీ అడిగాడు. పెట్టెల వంక ఒక్కసారి కూడా చూడలేదు. అడగడం పూర్తయ్యాక రెండు పెట్టెలూ తీసి, ఇటుది అటూ అటుది ఇటూ పెట్టాడు.

మామగారికి నచ్చలేదు. "ఏడువేలదే మంచిది కదా తాతా?"

"ఎవరికి మంచిది బాబూ?"

చిన్నల్లుడికీ ఇష్టం లేదు. "మా అమ్మకి ఏం చెప్పను? అత్తారు ఇచ్చింది మళ్ళీ తీసేసుకున్నారనాలా?"

"మీ మెడ చూపించండి అల్లుడుగారూ," అన్నాడు తాత.

అంతటితో ఊరుకోలేదు. ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. చిన్నవాడికి ముందు స్నానం, లేదా వేణ్నీళ్ళ గుడ్డ ముఖం మీద కాసేపు. ఆ తర్వాత బ్రష్షుతో నురగ పట్టించి రెండు మూడు నిమిషాలు ఆగాలి. చర్మం కాస్త బిగబట్టి, వెంట్రుక వాలిన వైపే, చిన్న చిన్న గీతలు. రేజరు బరువే చాలు, చేతి బలం అక్కర్లేదు. ప్రతి రెండు గీతలకీ చెంబులో ముంచి కడగాలి. మెడ దగ్గర ఎదురు గీత వద్దే వద్దు.

పెద్దవాడికి అంతా తలకిందులు. గీసుకోవడం ముందు, స్నానం తర్వాత. ముఖం పొడిగా ఉండాలి, చెమటగా ఉంటే కాస్త పౌడరు అద్దుకోవాలి. చర్మం బిగబట్టి, రేకు చెంపకి నిటారుగా ఆనించి, వెంట్రుకకి ఎదురుగా మెల్లగా నడపాలి. అదమకూడదు. రోజూ గీసుకోవాలి, అయిపోయాక లోపలి పొట్టు దులపాలి. "మొదటి రెండు మూడు వారాలు బాగుండదు. అక్కడక్కడా మిగిలిపోతుంది, కాస్త చురచుర కూడా అంటుంది. మీ చర్మం దానికి అలవాటు పడాలి. ఆ లోపల మళ్ళీ బ్లేడు పట్టుకోకండి."

మెడ మీద పొక్కులు ఆరేదాకా చిన్నల్లుణ్ణి ఏదీ ముట్టొద్దన్నాడు తాత. నాలుగు రోజులు ఆగి గీసుకున్నాడు. చెంప నున్నగా వచ్చింది, మంట లేదు. పెద్దల్లుడికి అంత తొందరగా కాలేదు. విశాఖ వెళ్ళాక వారం పాటు మెడ మీద గరుకు మిగిలిపోతుండేది. రెండుసార్లు రేజరు కోసం చెయ్యి చాచాడు. ఆ మరక తువ్వాలు చూసిన భార్య రెండుసార్లూ ఆపింది. శివరాత్రి నాటికి చెయ్యి కుదిరింది. చిన్నల్లుడు తల్లికి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కొంచెం సేపు ముఖం ముడుచుకుంది. తర్వాత, రోజు మార్చి రోజు కరెంటు పోయే ఇంట్లో చార్జింగు వస్తువు ఎందుకులే అంది.

నీతి:

గడ్డం గీసుకునే సాధనంలో మేలురకం ఏదో అంగట్లో తేలదు. ఆ చర్మం, ఆ వెంట్రుక, ఆ ఒంటి జబ్బు, ఆ ఇంటి నీళ్ళు కలిసి తేల్చాలి. వాటిని అడక్కుండా ధర చూసి ఎంచుకున్నది ఎంత గొప్పదైనా గాయమే చేస్తుంది.

కథలో తాత చెప్పిన తలకిందుల పద్ధతుల వెనక కారణం ఉంది. వెంట్రుక నీళ్ళు పీలిస్తే మెత్తబడుతుంది. మెత్తటి వెంట్రుకని వాడి బ్లేడు తేలిగ్గా కోస్తుంది, అందుకే రేజరుకి తడి కావాలి. మామూలు షేవరులో పైన సన్నటి రంధ్రాల రేకు, దాని కింద అటూ ఇటూ ఆడే బ్లేడు ఉంటాయి. వెంట్రుక నిక్కబొడుచుకుని ఆ రంధ్రంలో దూరితేనే తెగుతుంది. దానికి పొడి ముఖం, పొట్టి వెంట్రుక కావాలి. తడిలోనూ వాడుకోగల షేవర్లు ఇప్పుడు వస్తున్నాయి, కానీ ఐదు రోజుల గడ్డానికి వాటిలోనూ ముందు ట్రిమ్మరే. అయ్యప్ప దీక్షలో 41 రోజులు పెంచిన గడ్డమైతే రేజరుకైనా షేవరుకైనా ముందు కత్తిరింపు తప్పదు.

ఈ రెండు సాధనాల చరిత్ర కూడా తాత మాటే చెబుతుంది. ఒకప్పుడు మడతకత్తిని సాన పట్టాలి, తోలుపట్టీ మీద నూరాలి, చెయ్యి తిరిగినవాడి సాయం కావాలి. ఆ అవసరం తప్పించాలని అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ వాడి పారేసే పల్చటి బ్లేడు ఊహించాడు. అంత పల్చటి ఉక్కుకి పదును పెట్టే విధానం విలియం నికర్సన్ కనిపెట్టాడు. 1903లో మొదటి ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్ల అమ్మకం 90 వేలు దాటింది. ఇక జేకబ్ షిక్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, అలాస్కా చలి ఎరిగినవాడు. నీళ్ళూ నురగా లేకుండా గీసుకునే యంత్రం ఆయన పట్టుదల. 1930లో పేటెంటు, 1931లో అమ్మకం, ధర 25 డాలర్లు. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ కంపెనీ ఇంజినీరు అలెగ్జాండర్ హొరోవిట్జ్ గుండ్రంగా తిరిగే బ్లేడు ఉన్న షేవరు తయారుచేశాడు. అది 1939లో వచ్చింది. ఒక్కో సాధనం ఒక్కో చోటి ఇబ్బంది నుంచి పుట్టింది. ఒకదాన్ని కొట్టేయడానికి ఇంకొకటి పుట్టలేదు.

మన దేశంలో జరిగింది ఇంకా గట్టి సాక్ష్యం. 2002లో జిలెట్ కంపెనీ భారతీయుల కోసమని వెక్టర్ అనే రేజరు తెచ్చింది. ముందుగా పరీక్షించింది అమెరికాలోని ఎంఐటీలో చదువుకునే భారతీయ విద్యార్థుల మీద. వాళ్ళకి నచ్చింది. ఇక్కడికొచ్చాక వెంట్రుకలు ఇరుక్కుని మొరాయించింది. ఆ విద్యార్థులది ధారగా నీళ్ళొచ్చే కుళాయి. ఇక్కడ లక్షలమంది చెంబెడు నీళ్ళు ముందు పెట్టుకుని, నేల మీద కూర్చుని, చిన్న అద్దంలో చూస్తూ గీసుకునేవాళ్ళు. ఆ తర్వాత కంపెనీవాళ్ళు మన ఇళ్ళలో గంటల తరబడి కూర్చుని చూశారు. 2010లో ఒకే బ్లేడుతో, చెంబులో ముంచితే శుభ్రపడేలా గార్డ్ అనే రేజరు తెచ్చారు. అప్పట్లో రేజరు ధర 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. మనుషుల రంగు, జుట్టు ఒకటే అయినా నీళ్ళ తీరు మారితే సాధనం మారాలని అంత పెద్ద కంపెనీకి అప్పుడు తెలిసింది. పొది పట్టుకుని వాకిలి వాకిలికీ తిరిగినవాళ్ళకి ఇది ఎప్పట్నుంచో తెలుసు.

బ్లేడ్ల సంఖ్య గురించి నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. 1971లో రెండు బ్లేడ్లొచ్చాయి, 1998లో మూడు, 2006లో ఐదు. మొదటి బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగితే వెనకది ఇంకా లోతుగా కోస్తుంది. ప్రకటనల్లో అది గొప్ప. మెడ మీద ఉంగరాల వెంట్రుక ఉన్నవాడికి అదే శాపం. చర్మం మట్టానికి కిందుగా తెగిన వెంట్రుక పెరిగేటప్పుడు వంగి లోపలికే గుచ్చుకుంటుంది. పొక్కులు, నల్ల మచ్చలు, చీము వస్తాయి. అలాంటివాళ్ళకి ఒంటి బ్లేడే మేలు, లేదా కాస్త గరుకు మిగిల్చే షేవరు. షేవరుకి లోపమని చెప్పే ఆ గరుకే వాళ్ళకి మందు. జబ్బులేమీ లేని పడుచువాళ్ళు, తీరిక ఉన్నవాళ్ళు మామూలు రేజరుతో సుఖంగా ఉండొచ్చు. ఖర్చూ తక్కువే. కాకపోతే ఐదారుసార్లు గీశాక బ్లేడు మార్చాలి. మొద్దుబారిన బ్లేడు మనచేత నొక్కిస్తుంది, నొక్కితే తెగుతుంది.

ఏది ఎంచుకున్నా అది ఒక్కరిదే కావాలి. అన్నదమ్ములైనా, తండ్రీకొడుకులైనా రేజరు పంచుకోకూడదు, షేవరు తలా పంచుకోకూడదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతకగలదు. కంటికి కనపడని రక్తపు మరక చాలు. సెలూన్లో మీ ఎదురుగా కొత్త బ్లేడు విప్పమనండి. మంచి పనివాడు దానికి నొచ్చుకోడు.

ఇది చదువుతున్నవారిలో ఎవరి ఇంట్లోనైనా రక్తం పల్చబడే మాత్రలు వాడే నాన్నో, మామయ్యో, తాతయ్యో ఉంటే, వాళ్ళ డాక్టరునడిగి బ్లేడు మాన్పించండి. మధుమేహం వల్ల పుండు తొందరగా మానని వాళ్ళకీ ఇదే మాట. ఈ వారమే ఒక మామూలు షేవరు కొనివ్వండి, ఖరీదైనదే అక్కర్లేదు. కొనిచ్చి ఊరుకోకండి. మొదటి రెండు మూడు వారాలు ఉదయం పక్కన నిలబడి, ఓపిగ్గా నేర్పండి.