బ్రోకరు ఎవరి మనిషి?

వంకాయలు కొనేటప్పుడు మనం ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. పుచ్చు ఉందేమోనని తొడిమ దగ్గర మరీ మరీ చూస్తాం. మరి మెడలో గొలుసు అమ్మి, ఆయన పి.ఎఫ్. తీసి, బ్యాంకు అప్పు కలిపి ఇల్లు కొనేటప్పుడో? "బ్రోకరు అంతా చూసుకుంటాడులే" అంటే చాలు, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేస్తాం!

అసలు బ్రోకరు అవసరమా అంటే, అవసరమనే అంటాను నేను. అదీ ఆ ఊళ్లో పుట్టి పెరిగి, ఆ పనిలో ముదిరినవాడై ఉండాలి. మా గుడుపల్లె సంగతే చూడండి. బెంగుళూరు - చెన్నై రైలు దారిలో, కుప్పం పక్కనే ఉన్న ఊరు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. బయటినుంచి వచ్చి ఇల్లు కొనుక్కునేవాళ్లకి ఏ బోరు వేసవిలో ఎండిపోతుందో, ఏ దారి వానకి బురదవుతుందో, ఏది ప్రభుత్వం పేదలకిచ్చిన డి.కె.టి. పట్టా భూమో ఎలా తెలుస్తుంది?

కాగితాలు లేవా అంటారేమో. ఉన్నాయి. కానీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసే ఈ.సి.లో రిజిస్టరైన వ్యవహారాలే కనిపిస్తాయి. పెద్దమనుషుల ముందు నోటిమాటగా జరిగిన పంపకాలు అందులో ఉండవు. అవి ఊరి మనిషికే తెలుస్తాయి.

తెలిసినవాడు చెబుతాడా అన్నదే చిక్కు. బేరం కుదిరితేనే అతనికి కమీషను. కుదరకపోతే ఎండలో తిరిగినందుకు చెప్పుల అరుగుదల కూడా రాదు. పైగా అటూ ఇటూ ఇద్దరి దగ్గరా పుచ్చుకోవడం మామూలే. 2016లో వచ్చిన రెరా చట్టం, రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ఇళ్లూ స్థలాలూ అమ్మించే ఏజెంట్లు కూడా రిజిస్టరు చేసుకోవాలంది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని పాత ఇల్లు బేరం పెట్టే పెద్దాయన దాకా ఆ చట్టం రాదు. అతను చెడ్డవాడని నేననను. "ఇది వద్దమ్మా" అన్న మాటకి కూలి లేనప్పుడు, ఆ మాట అనడానికి చాలా మంచితనం కావాలి.

మరో సంగతి. తాతల నాటి ఇల్లు అన్నదమ్ములు అమ్ముతారు. అక్కచెల్లెళ్ల సంతకాలేవీ అంటే, "వాళ్ల పెళ్లిళ్లు ఏనాడో అయిపోయాయి, అడగరులేమ్మా" అంటాడు బ్రోకరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. వాళ్లు నిజంగానే అడగకపోవచ్చు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో అడగని ఆడవాళ్లు ఎందరో మనకి తెలుసు. ఆ భయం వల్ల ధర కాస్త తగ్గిన ఇంట్లో మనం పాలు పొంగించుకోవచ్చునా? కోర్టు వ్యవహారం సరే, మనసుకి జవాబు చెప్పుకోవద్దూ?

అందుకని నాకు తోచిందొకటి. బ్రోకరుని తప్పక పెట్టుకోండి. కాగితాలు మాత్రం అతనితో సంబంధంలేని వకీలుకి చూపించండి. బ్రోకరుకి మొదటే చెప్పండి: "బాబూ, కొన్నా కొనకపోయినా నీ తిరుగుడుకి ఇంత ఇస్తాను. ఉన్నదున్నట్టు చెప్పు." తరవాత ఆ ఇంటి ఆడపడుచు ఎక్కడుందో అడగండి.

డబ్బు దండగంటారా? పుచ్చు వంకాయ పారేస్తే పోతుంది. పుచ్చు ఇల్లు పారెయ్యలేం కదా!